కిటికీకి పట్టిన సీడీ

పక్కింటి బావ పోయాడని మంగళవారం పొద్దున్నే కబురొచ్చింది. నాకు ముందు కోపమొచ్చింది. ఏడుపు ఆ తర్వాత.

బావంటే చుట్టమేమీ కాదు. నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో ఒకే గోడకు అటూ ఇటూ కాపురమున్నాం. నేను ఇంజన్ల షెడ్డులో ఫిట్టర్ని, ఆయన ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేవాడు. నా కిడ్నీలో రాయి పట్టుకున్నది ఆయనే. పేగుల్లో గాలీ మలమూ ఉంటే వాటి చాటున రాయి దాక్కుంటుందని, ముందురోజు సాయంత్రం ఆముదం తాగించాడు. బల్లమీద పడుకోబెట్టి, "ఊపిరొదిలి ఆపు. రాయికి తెలీకూడదు" అన్నాడు. తడారని ఫిల్మును కిటికీకి పట్టి, వెన్నెముక పక్కన సెనగగింజంత తెల్లచుక్క చూపించాడు.

"సూడు, నీ కష్టార్జితం!"

ఏదైనా వెలుతురుకు పట్టి చూస్తేగాని నమ్మడు. గోల్‌బజార్‌లో చేపనూ అలాగే ఎత్తేవాడు. "ఎక్స్‌రే దాదా, చేపకు రాళ్లుండవు" అని చేపలమ్మే బెంగాలీ దీదీ నవ్వేది. సరే, చేపల్లో పడితే తేలను. కోపం సంగతి చెప్పాలి.

కిందటేడు ఆయనకే నడుంలో పోటు మొదలైంది. ఫిల్ము దొరికితేనే ఎక్స్‌రే తీయించుకుంటానని కూర్చున్నాడు. ఊళ్లో ఎక్కడ చూసినా కంప్యూటరే అయిపోయింది, ఫిల్మెక్కడిది?

"ఏటి బావా ఈ మొండితనం? అందులో బొమ్మ పెద్దది సేసుకోవచ్చు, మసగ్గా ఉంటే ఎలుతురు పెంచుకోవచ్చు."

"ఎలుతురు పెంచితే నిజం పెరుగుద్దేటిరా? ఆముదం తాగించకుండానే తీసేస్తన్నారంట."

"నువ్వే తాగి ఎల్లు! ఎవలొద్దన్నారు?"

నాలుగు నెలలు ఇదే భాగోతం.

చివరికి జ్వరంతో వణికిపోతుంటే ఆయన భార్యా నేనూ బలవంతాన ఆటో ఎక్కించాం. ఆసుపత్రిలో తెరమీద బొమ్మ చూడగానే, ఎవరూ చెప్పకముందే, కిడ్నీ కింది గొట్టంలో ఇరుక్కున్న రాయిని తనే వేలు పెట్టి చూపించాడు.

"ఎంత తేటగా ఉందిరా! నా ఫిల్ముల్లో ఇంత వచ్చీది కాదు."

ఆ జ్వరం మనిషిని పట్టుకుని కుదిపేయాలనిపించింది. ఆ మాటేదో నాలుగు నెలల ముందు అనకూడదూ! అప్పటికే కిడ్నీలో చీము పట్టి, విషం రక్తంలోకి ఎక్కేసింది. డాక్టర్లు చేయగలిగినదంతా చేశారు. ఆలస్యం మాది. నన్ను బతికించిన మనిషిని ఒక గదిలోకి తీసుకెళ్లడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

ఆ తెరమీది బొమ్మను సీడీలో వేసి ఇచ్చారు. పోయే ముందురోజు ఆసుపత్రి మంచం మీద లేచి కూర్చుని, బావ దాన్ని కవరులోంచి తీసి, అలవాటు కొద్దీ కిటికీకి పట్టాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. నడిమి చిల్లులోంచి ఒంటికన్నుతో నన్ను చూశాడు.

"ఏటీ అవుపడదేటిరా?"

ఆయన తెల్లగడ్డం మీద మాత్రం రంగులు ఆడుతున్నాయి.