రోడ్డుకి అవతల మా మేనత్త

మా మేనత్త పోయింది. నందిగామలో బస్సు కోసం నిలబడి ఉండగా ఫోన్లో కబురొచ్చింది. చెప్పిన బావ, అత్త కొడుకు, ఏడుస్తూనే ఇంకో మాటన్నాడు: "అవతలి వైపే పెట్టమని ఒట్టేయించుకుంది. పెద్దలు ఒప్పుకోవట్లా. తొందరగా రా."

అవతలి వైపంటే ఏమిటో సిగ్గుగా ఉన్నా చెప్పాలి. జగ్గయ్యపేట దగ్గర మా ఊళ్ళో మా పేటకీ పక్క పేటకీ మధ్య ఒక రోడ్డు. అందరం కథోలికులమే. ఒకే గుడి, ఒకే ఫాదర్, ఒకే సత్ప్రసాదం. కులాలు మాత్రం రెండు. ఆసాములు మమ్మల్ని దూరం పెడితే మండిపడే మేం, మా కిందకి ఇంకొకరిని వెతుక్కున్నాం. సమాధుల తోటలో కూడా మధ్యన ముళ్ళకంప నాటుకున్నాం. పునరుత్థానం రోజున విడివిడిగా లేస్తామేమో! ఇందుకే నేను గుడి మానేశా. అత్త మానలేదు.

మా ఇద్దరికీ ఎప్పుడూ వాదనే. పత్తితీతకి ఒడి కట్టుకుంటూ సిలువ గుర్తు వేసుకునేది. మంచినీళ్ళు తాగినా "స్తోత్రం తండ్రీ" అనేది. వత్సవాయి బస్సు రాకపోయినా స్తోత్రమే.

"రాని బస్సుకి స్తోత్రం ఏందత్తా?"

"బస్సుకి కాదురా అల్లుడూ, కూచోటానికి నీడ దొరికిందిగా."

"ఈ కృతజ్ఞతే మనల్ని వంగబెట్టింది. ఆసాములకి కావాల్సిందీ ఇదే" అని ఒకసారి అరిచా. నవ్వింది. "తినే మెతుకు దేవుడిచ్చాడని ఎందుకంటన్నా? ఆసామి ఇచ్చాడని అనకుండా ఉండటానికి. ఆయన ముందు మోకరిల్లాక ఇంకెవరికీ వంగక్కర్లా."

ఇన్నేళ్ళుగా వ్యాసాలు రాస్తున్నా. ఆ మాట మాత్రం ఏ వ్యాసంలోనూ పెట్టలా.

అక్టోబరు జపమాల నెల. మరియమ్మ తల్లి స్వరూపాన్ని, అంటే విగ్రహాన్ని, రోజుకో ఇంటికి తీసుకెళ్ళి జపమాల చెప్పుకుంటారు. మోసేది అత్తే. ఆ స్వరూపం ఏనాడూ రోడ్డు దాటలేదు. ఒక ఏడు, ఒక సాయంత్రం అత్త దాన్ని చంటిబిడ్డలా ఎత్తుకుని రోడ్డెక్కింది. పేట పెద్ద అడ్డమొచ్చాడు.

"ఏం వదినా, అమ్మని ఎటు తీసుకెళ్తన్నావ్?"

"అటు కూడా పిల్లలున్నారంట. చూసొస్తానంది."

"మళ్ళీ మన ఇళ్ళకి రానియ్యం."

"అయితే అక్కడే ఉంటది. జపమాలకి మీరే రండి."

ఆ నెలంతా స్వరూపం అటే ఉంది. మా ఆడవాళ్ళు కొన్నాళ్ళు గొణిగారు, తర్వాత ఒక్కొక్కళ్ళే రోడ్డు దాటారు. మగవాళ్ళు దాటలేదు. తోటలో కంపా కదల్లేదు.

కబురందుకుని నేను ఊళ్ళో బస్సు దిగేసరికి గొడవ ముదిరింది. "మొగుడి పక్కన కాకుండా అక్కడేంది?" అంటున్నాడు పెద్ద. నేను రాజ్యాంగం నుంచి మొదలుపెట్టా. "గుడి మొహం చూడనోడివి, నీకేం తెలుసయ్యా?" అన్నాడు.

అప్పుడు అత్త కాళ్ళ దగ్గర కూర్చున్న ఆయన భార్యే లేచింది.

"అతనికి తెలీదు, నాకు తెలుసు. రేపు నన్నూ అక్కడే పెట్టండి."

"నన్ను కూడా" అంది వెనకనుంచి ఇంకొకామె. మూల నుంచి మరొకామె. పెద్ద పక్కకి జరిగి దారిచ్చాడు.

తోటలో శవపెట్టె అటు పోవటానికి కంప అడ్డమైతే కొడవళ్ళతో నరికారు. నాకు ప్రార్థన రాదు. ఆశ అనే మాట రాయాలన్నా మొహమాటమే. కానీ ఫాదర్ వెళ్ళిపోయాక రెండు పేటల ఆడవాళ్ళూ అక్కడే ఆగిపోయారు. నరికిన చోట నేలమీద వంగి, చెప్పుల్లేకుండా వచ్చేవాళ్ళ కాళ్ళకి గుచ్చుకోకుండా, ముళ్ళు ఏరి కొంగుల్లో వేసుకుంటున్నారు.