పిట్ట చుట్టూ బండి తోలిన మా అత్త

మా అత్త పోయింది. మార్కాపురం సంతకు వచ్చిన మా అత్తగారి ఊరి ఎద్దుల బేరగాడు ఇక్కడి మా వాకిట్లో నిలబడి ఆ మాట చెప్పాడు. "పెద్దమ్మ ఇంక లేదమ్మా. ఎద్దులకు కుడితి పెట్టొచ్చి అరుగు మీద కూర్చున్నది కూర్చున్నట్లే పోయింది" అన్నాడు. చేతిలోని చాట కింద పెట్టాను. ఏడుపు కంటే ముందు ఒక ఉదయం గుర్తొచ్చింది. ఆమెను తలుచుకోవాలంటే ఆ ఉదయం దాకా పోక తప్పదు.

మా మామకు పొలం ఉంది, కాడి ఎద్దులు ఉన్నాయి. అయినా ఊళ్ళో ఎవరూ ఆయన్ను రైతు అనలేదు, వేటగాడనే అన్నారు. పెద్దారవీడు అవతలి బీళ్ళలో అప్పట్లో బట్టమేక పిట్టలు తిరిగేవి. చూడనివాళ్ళకు చెబుతున్నాను: నిలబడితే మనిషి నడుము దాకా వస్తుంది. తెల్లని మెడ, నెత్తిన నల్లటి కుచ్చు, మాడిన జొన్నరొట్టె రంగు వీపు. ఎవరి తొందరా తనకు పట్టనట్టు నడుస్తుంది. అంత అందమైనదాన్ని చంపడానికి చెయ్యి ఎలా వచ్చేదో నాకు ఈనాటికీ అర్థం కాదు. బీళ్ళ పక్కన క్యాంపు వేసుకునే దొరలకు దాని మాంసమంటే ప్రాణం, మామకు దొరల మెప్పంటే ప్రాణం.

నడిచి వచ్చే మనిషిని ఆ పిట్ట దగ్గరికి రానివ్వదు. ఎద్దుల బండికి మాత్రం బెదరదు, చేలో పనికి పోయేవాళ్ళదని దాని నమ్మకం. అందుకని మామ తుపాకితో బండిలో చొప్ప కింద పడుకునేవాడు, అత్త తోలేది. తిన్నగా పిట్ట మీదికి పోకూడదు. దాని చుట్టూ తిప్పుతూ, ప్రతి చుట్టుకూ కొంచెం కొంచెం దగ్గరికి జరగాలి. తోలినంతసేపూ అత్త మాట్లాడుతూనే ఉండాలి.

"మాట ఆగితే పిట్ట తల ఎత్తుతాది. గొంతు మారినా ఎత్తుతాది" అని కొత్త కోడలినైన నాకు చెప్పింది. "దాని దిక్కు చూడగూడదు. ఇంటి సంగతులే చెప్పుకోవాల."

"పాపం అనిపించదా అత్తా?"

"అనిపిస్తాది. అనిపించినా తోలేది నేనే గదా."

తప్పును ఇంకొకరి నెత్తిన వేసి తప్పుకోవడం ఆమెకు చేతకాదు. నేను వండిన కూరలో ఉప్పు ఎక్కువైనా, మగవాళ్ళు మొహం చిట్లించేలోపే "నా చెయ్యే" అనేసేది. ఆ ఒక్క మాటతో నన్ను ఎన్నిసార్లు కాపాడిందో!

ఒక ఏడు వానలు వెనకబడ్డాయి. బీడులో గడ్డి నడుమెత్తున ఎండి నిలబడింది. ఆ రోజు ఎప్పటిలాగే చుట్లు తిరిగారు, మామ పేల్చాడు, పిట్ట పడింది. దాని వెనక గడ్డిలోంచి ఒక కేక వినిపించింది. మా పాలేరు అక్కడ వంగి గడ్డి కోసుకుంటున్నాడు. మామా అతనూ చిన్నప్పటి నుంచీ కలిసి తిరిగినవాళ్ళు. అతన్ని అదే బండిలో, పిట్ట పక్కన పడుకోబెట్టి ఇంటికి తెచ్చారు. సాయంత్రం దాకా బతికాడు.

పోలీసులు వచ్చి పొరపాటని రాసుకుని పోయారు. రాసుకునేవాళ్ళకు ఏం, తేలికే. అత్త మాత్రం పాలేరు గుడిసెకు పోయి, అతని భార్య ఎదురుగా నేల మీద కూర్చుంది. నేనూ వెంట ఉన్నాను. ఆ ఇల్లాలు తిట్టలేదు. ఇంత మాత్రం అన్నది.

"నీ గొంతు ఇన్నాడంట పెద్దమ్మా. నువ్వే గదా అని లేసి నిలబడలేదంట."

అత్త అక్కడి నుంచి లేవడానికి నేను చెయ్యి అందించాల్సి వచ్చింది.

మామ తిండి మానేశాడు, మాట మానేశాడు. ఒక ఉదయం నేను పెరటి తలుపు తీసేసరికి కొట్టం ముందు కూర్చుని ఉన్నాడు. తుపాకి గొట్టం తన వైపే తిప్పి పెట్టుకున్నాడు. వెనకే వచ్చిన అత్త నా మణికట్టు గట్టిగా పట్టుకుంది, వదిలేసింది. మూలనున్న పొరక తీసుకుని పెరట్లోకి దిగింది.

మామ వైపు చూడలేదు. గోడ వారగా ఊడవడం మొదలుపెట్టింది.

"ఏందో ఈ పొరక, పుల్లలే మిగిలినాయి. ఎర్రెద్దుకు లాడం ఊడింది, నిన్ననే చూసినా. గిద్దలూరు నుంచి లాడాలు కొట్టేటోన్ని పిలిపించాల..."

ఊడుస్తూ పెరడంతా చుట్టి వచ్చింది. రెండో చుట్టు కొంచెం లోపలికి తిప్పింది. అప్పుడు నాకు తెలిసింది ఆమె ఏం చేస్తోందో. గడప దాటకుండా అక్కడే నిలబడ్డాను. ఆ గొంతు ఒక్కసారి వణికితే మామ మాకు దక్కడు.

వణకలేదు. కొర్రలకు పురుగు పట్టిందని, పెయ్య తాడు నములుతోందని చెప్పుకుంటూ, ఊడుస్తూ ఊడుస్తూ ఆయన పక్కకు చేరింది. పొరక కింద పెట్టి కూర్చుంది. మాట ఆపకుండానే గొట్టం మీద చెయ్యి వేసి పక్కకు తిప్పింది. తుపాకి ఆయన చేతుల్లోంచి తీసుకుంది. మామ ఆమె ఒళ్ళో తల పెట్టి పసిబిడ్డలా బావురుమన్నాడు.

అత్త ఒక చెయ్యి ఆయన తల మీద ఉంది, ఇంకో చేతిలో తుపాకి. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారి రవిక తడుస్తోంది. ఆమె ఎదురుగా ఉన్న గోడనే చూస్తూ, అదే గొంతుతో, ఎర్రెద్దు ఏ కాలు కుంటుతోందో చెబుతూనే ఉంది.