సర్దారుకి ఇవ్వని చెయ్యి

కలకత్తా హౌరా స్టేషన్లో దిగేసరికి తెల్లారింది. డెబ్బై ఒకటో సంవత్సరం, ఫిబ్రవరి చివర. బెంగాల్లో ఎన్నికలు. గోడల నిండా ఎర్ర రాతలు, సందుల్లో నాటుబాంబులు. మా కంపెనీని ట్రక్కులెక్కించి గార్డెన్ రీచ్ రేవుకి పంపారు. ఆర్డరు చిన్నది. గోదాముల గేటు కాపలా కాయాలి. లోపలికొచ్చే ప్రతి మనిషినీ తడిమి చూడాలి. పైనుంచి మాట రానిదే తుపాకీ పేలకూడదు.

గేటు పక్కన ఇసుక బస్తాలు అడ్డుగా పేర్చి కాపలా మోర్చా కట్టుకున్నాం. ఒక వైర్‌లెస్ సెట్టు, ఒక లాంతరు, తాగునీళ్ళ డబ్బా. మనిషికో రైఫిలు. నది మీంచి బురద వాసన, జనపనార దుమ్ము. మధ్యాహ్నానికి యూనిఫారం వీపుకి అతుక్కుపోయేది. శత్రువెవరో మాకెవరూ చెప్పలేదు. నా శత్రువెవరో నాకు ముందే తెలుసు.

మా తమ్ముడు ప్రకాశం ఆ రేవులోనే కూలి. కిందటేడు వానల్లో ఓడ అడుగున మూటలు సర్దుతుండగా పైనుంచి బరువు పడి చచ్చిపోయాడు. నేనప్పుడు సరిహద్దులో మంచులో ఉన్నాను. సెలవు దొరకలేదు. తాగి పనిలోకి దిగాడని అతని గ్యాంగు సర్దారు, అంటే కూలీల మేస్త్రీ, చెప్పాడు. ఆ సర్దారే అక్కడి తెలుగు క్రైస్తవుల గుడిలో సంఘ పెద్ద. తాగి చచ్చినవాణ్ణి లోపలికి తేకూడదన్నాడు. శవాన్ని గుడి గేటు బయటే పెట్టి, రెండు ముక్కలు ప్రార్థన చేసి తీసుకుపోయారు. ఆ కబురు శ్రీకాకుళం దాకా వచ్చింది. మా అమ్మ ఆనాటి నుంచి గుడి మెట్టెక్కలేదు.

రెండో రోజు పొద్దున్న సర్దారు తన గ్యాంగుతో నా గేటుకే వచ్చాడు. తెలుగు కూలీలు సర్దారని పిలుస్తుంటే పోల్చుకున్నాను. భారీ మనిషి, తెల్ల మీసం, మెళ్ళో గళ్ళ తువ్వాలు. చేతులెత్తి నిలబడితే చంకల కింద, నడుం చుట్టూ తడిమాను. ఎక్కడా ఒక్క వేలు గట్టిగా నొక్కలేదు. ఆ సంగతి ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను.

"ఏటి బావూ, మన తెలుగోడివేటి?" అన్నాడు నవ్వుతూ. "శ్రమదినాలు కదా, రోజూ సాయంత్రం ఒకలింట్లో కూటం. ఏక్‌బాల్‌పూర్ రా. నీకు డ్యూటీ లేనప్పుడు."

"వస్తాను," అన్నాను. పేరు చెప్పలేదు.

శ్రమదినాలంటే తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఈస్టరుకి ముందు నలభై రోజులు. ఇప్పుడు మా గుళ్ళల్లో ఆ కాలమంటే మైకులు, ఫ్లెక్సీలు, మెడలో మాల వేసుకున్న అతిథులు. అప్పుడు ఏక్‌బాల్‌పూర్లో ఒక్క గదిలో ముప్పైమంది మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేవాళ్ళు. వేట మాంసం మానేసేవాళ్ళు, పెళ్ళిళ్ళు పెట్టుకునేవాళ్ళు కాదు. పాట, వాక్యం, ప్రార్థన, చివర గ్లాసుడు టీ. పిల్లలు బయట బెంగాలీలో అరుచుకుంటూ ఆడేవాళ్ళు, లోపలికి రాగానే తెలుగులో ఆమెన్ అనేవాళ్ళు.

మొదటి కూటంలోనే, మాకు వరసకి చిన్నాన్నయ్యే ఒకాయన నన్ను గుర్తుపట్టాడు. ప్రకాశం ఉన్న గ్యాంగులోనే పనిచేసేవాడు. చెయ్యి పట్టుకుని కుళాయి దగ్గరికి తీసుకెళ్ళాడు.

"పెకాశం తాగనేదురా," అన్నాడు. "తాడు నాని కుల్లిపోనాది. ఈ తాడుతో ఎత్తొద్దు బాబూ అని ఆడే అన్నాడు. సర్దారు ఇన్నేదు. ఓడ ఎల్లిపోవాలన్నాడు. తెగింది."

"నువ్వెందుకు చెప్పలేదు?"

"రేపొద్దున్న పనికి పిలిసేవోడు ఆడే కదా," అన్నాడు చిన్నాన్న, తల దించుకుని.

ఆ తర్వాత ప్రతి ఉదయం సర్దారుని తడుముతూనే ఉన్నాను. నా రైఫిల్లో తూటాలున్నాయి. పేల్చేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. కానీ చచ్చినవాడు అబద్ధం సరిదిద్దడు. నాకు వాడి ప్రాణం కంటే వాడి నోరు కావాలి. అదీ మనుషులందరి ముందు.

దానికి దారి గుడే చూపించింది. శుభ శుక్రవారం ముందు గురువారం సాయంత్రం ప్రభువు బల్ల, అంటే ఏసు పేరున రొట్టె పంచుకునే ఆరాధన. రొట్టె పంచే ముందు పాస్టరు అడుగుతాడు, ఎవరికైనా ఎవరి మీదైనా పగ ఉందా అని. ఉంటే లేచి, సంఘం ముందు చేతులు కలపాలి. కలపకపోతే ఇద్దరికీ రొట్టె లేదు. ఇప్పుడు పక్కవాడికి నవ్వుతూ దణ్ణం పెట్టేస్తే అయిపోతోంది. అక్కడ అలా కాదు. ఆ రొట్టె పళ్ళేన్ని ఏటేటా వరసల్లో తిప్పేది సర్దారే. ఆ పళ్ళెం కోసమే బతికినట్టుండేవాడు.

గురువారం హవల్దారుని సెలవడిగాను. గఢ్వాల్ మనిషి, తక్కువ మాట్లాడతాడు. నా మొహం చూశాడు. "గుడికే కదా? రైఫిలు, బాయ్‌నెట్టు ఇక్కడ పెట్టి పో," అన్నాడు హిందీలో. రెండూ అతని ముందు పెట్టేశాను. నాకు వాటితో పని లేదు.

గుడంటే రేకుల షెడ్డు. కిటకిటలాడుతోంది. పాస్టరు అడగాల్సింది అడిగాడు. నేను లేచి నిలబడ్డాను.

"నాకు సర్దారు మీద పగ ఉందయ్యగారూ. నేను ప్రకాశం అన్నని."

తలలన్నీ సర్దారు వైపు తిరిగాయి. సర్దారు మొహంలో రక్తం లేదు. అయినా తేరుకుని వచ్చాడు, కుడిచెయ్యి చాచాడు.

"అయిందేదో అయిపోనాది నాయనా. సమాధానపడదాం."

"ముందు చెప్పు. నా తమ్ముడు తాగాడా?"

అతను చాచిన చెయ్యి ఇంకొంచెం ముందుకి జరిపాడు. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను.

పాస్టరు మా మధ్యకొచ్చాడు. "ఇద్దరూ కూర్చోండి," అన్నాడు. పళ్ళెం వేరే పెద్దమనిషి చేతికిచ్చాడు. అది వరసలో చేతులు మారుతూ సర్దారు దగ్గరికొచ్చింది. ముక్క తీసుకోకుండా పక్కవాడికి అందించాడు. నేను చూశాను. తనివితీరా చూశాను. నా దగ్గరికొచ్చినప్పుడు నేనూ అలాగే అందించేశాను. ఆ వెల నాకు ఎక్కువనిపించలేదు.

శుక్రవారం నా డ్యూటీ. వైర్‌లెస్ ఆపరేటరు గుంటూరు క్రైస్తవుడు. సెట్టు మీద హెడ్‌క్వార్టర్సుకి "అంతా సవ్యం, ఓవర్" అని చెప్పి నా వైపు తిరిగాడు.

"ఈపాటికి గుళ్ళో ఏసు సిలువ మీద పలికిన మాటలు చెబుతుంటారు. మొదటి మాట క్షమాపణ గురించేగా?"

"నేను డ్యూటీలో ఉన్నాను," అన్నాను.

అతను మళ్ళీ సెట్టు వైపు తిరిగాడు.

ఈస్టరు తెల్లవారుజామున సంఘమంతా సమాధుల తోటకి వెళుతుంది. ముందురోజే సమాధులకి సున్నం వేస్తారు. చీకటి విడకముందే తలా ఒక కొవ్వొత్తి పట్టుకుని, పాడుకుంటూ నడుస్తారు. హవల్దారు నన్ను పంపాడు. ప్రకాశానికి కట్టిన సమాధి లేదు. గోడ వార మట్టిదిబ్బ, ఒక చెక్క సిలువ. నేను అక్కడే నిలబడ్డాను.

పాట ఆగాక సర్దారు గుంపులోంచి బయటికొచ్చాడు. మూడు రాత్రుల్లో పదేళ్ళు ముసలివాడైనట్టున్నాడు. దిబ్బ దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"పెకాశం తాగనేదు," అన్నాడు అందరికీ వినపడేలా. "తాడు కుల్లిపోనాదని నాకు తెలుసు. నేనే ఎత్తించినాను. నా పని పోతాదని అబద్ధమాడినాను. ఆడి శవాన్ని నేనే బయట పెట్టించినాను."

ఎవరో ఆడమనిషి ఏడవడం మొదలెట్టింది. చిన్నాన్న నేల మీద కూలబడ్డాడు. నేనడిగిందంతా దొరికింది. ఒక్క మాట తక్కువ కాలేదు.

సర్దారు నా వైపు తిరిగి చెయ్యి చాచాడు. "ఇప్పుడైనా ఇయ్యి నాయనా."

పాస్టరు నన్నే చూస్తున్నాడు. అందరూ నన్నే చూస్తున్నారు. నేను టోపీ సర్దుకుని, మట్టిదిబ్బకి సెల్యూట్ కొట్టి, గేటు వైపు నడిచాను.

వానలకి ముందు సెలవు దొరికింది. ఇంటికి చేరేసరికి అమ్మ చేపలు ఎండబెడుతోంది. అన్నీ చెప్పాను.

"అందరి ముందూ సెప్పినాడా?"

"చెప్పాడమ్మా."

"నువ్వు సెయ్యిచ్చినావా?"

"లేదు."

అమ్మ మిగిలిన చేపలు తిరగేసింది. మంచి పని చేశావనలేదు, చెడ్డ పని అనలేదు. ఆ ఆదివారం ఉతికిన చీర కట్టుకుని గుడికి వెళ్ళింది. తలెత్తుకుని ముందు వరసలో కూర్చుంది. నాకు అది చాలు. క్షమించావా అని అడిగేవాళ్ళకి ఇప్పటికీ లేదనే చెబుతాను.

ఆ ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోట గేటు దాటుతూ ఒక్కసారి వెనక్కి చూశాను. తెలుపెక్కుతున్న వెలుతురులో సర్దారు అలాగే నిలబడి ఉన్నాడు. ఎడమచేతిలో కొవ్వొత్తి వంగిపోయి, కరిగిన మైనం వేళ్ళ మీదకి కారుతోంది. విదిలించుకోవడం లేదు. కుడిచెయ్యి ఇంకా చాచే ఉంది.