కొత్త ఫోల్డరు, పాత అతుకు

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. చాప చాలకపోతే నా పక్కన గోడకు ఆనుకోండి. మా కోడలు కంప్యూటర్ పనికి పోయినప్పటి సంగతి చెప్తా. నేను చదివింది మూడో తరగతే. అయినా ఆ పొద్దు చూసింది చూసినట్టు గుర్తుండాది.

మాది ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు. రెండువేల సంవత్సరం దాటి ఒకటి రెండేండ్లు అయినప్పటి మాట. హిందూపురంలో పట్టుపురుగులు పెంచే రైతుల సంఘం ఒకటి ఉన్నింది. ఏ ఊర్లో ఎన్ని పట్టుగూళ్లు దిగినాయో కంప్యూటర్లో ఎక్కించేది మా కోడలు. ఆయమ్మకు ఆరు నెలల ఆడబిడ్డ, పాలు మానలేదు. అందుకని పొద్దున ప్యాసింజరుకు నేనూ ఎంట పోయేదాన్ని. ఆఫీసు కిటికీకి పాతచీరతో ఉయ్యాల కట్టి, బిడ్డను ఊపుకుంటా కోడలి పని చూస్తా ఉంటి.

మొదట్లో ఒకనాడు అడిగితి, "ఏంమ్మా, పొద్దున్నుంచి ఆ కంప్యూటర్ తెర మింది ఒక్క కిటికీతోనే కొట్లాడతాండావు?"

"పంట వివరాలు ఒక ఫైల్లో ఉండాయి అత్తా. వాటిని ఊరూరికీ పోల్చి బొమ్మ గీసే సాఫ్ట్‌వేర్ వేరే. దానంతట అది ఈ ఫైలును చదవలేదు. నడుమ ఒకటి కుదర్చల్ల. ఓడీబీసీ అంటారు."

ఫైళ్లను చదివించేవంట, ఏవో డ్రైవర్ల పట్టీ వచ్చింది, దాంట్లో ఒకటి ఎంచుకుంది. ఆ కనెక్షన్‌కు పేరు పెట్టమని అడిగిందంట.

"ఏం పెట్టేదత్తా?"

"మన ఇంటి మాటే పెట్టు. పడుగు అని పెట్టు."

నవ్వి, ఇంగ్లీషు అక్షరాల్లో అట్లే పెట్టింది. ఫైలు యాడుందో చూపించింది. కడాన ఒక చిన్న గడిలో టిక్కు పెట్టి, "చూసేదానికి మాత్రమే అని పెట్టినా. లేకుంటే పొరపాటున అసలు వివరాలే మారిపోతాయి" అనింది.

"మంచి పని. చీర చూసేదానికి వచ్చినోళ్లను మగ్గం మింద చెయ్యి పెట్టనిస్తామా?" అంటి.

ఆ మధ్యలో ఉగాది వచ్చింది. మా ఇంట్లో ఉగాది తర్వాత పాత పుస్తకంలో గీత గీయము. చీర అంచుల డిజైన్లు గీసుకునే పుస్తకమైనా సరే, పసుపు పెట్టి కొత్తది తెరవాల్సిందే. పండగ మరుసటి దినం ఆఫీసులో నేనే అంటి, "కంప్యూటర్లోనూ కొత్తది తెరువుమ్మా, మంచిది." ఆయమ్మ నా మాట తీసేయలేదు. కొత్త ఫోల్డరు చేసి, ఫైలును దాంట్లోకి కాపీ చేసి, ఆ పొద్దు నుంచి పంట వివరాలు కొత్తదాంట్లోనే ఎక్కించింది. నేను కంప్యూటర్ నెత్తిన పసుపు బొట్టు పెడితి.

నెల తిరక్కముందే కబురొచ్చింది. పెనుకొండ నుంచి పెద్దసారు మధ్యాన్నం బండికి వస్తాడు, ఊరూరి పంట పోల్చిన బొమ్మ చూస్తాడు. సరిగా ఉంటే కోడలి పని ఖాయం. లేకుంటే ఇంకొకర్ని పెట్టుకుంటారు.

సారు వచ్చే దినం పొద్దున్నే కోడలు ఆ బొమ్మను కాగితం మింద తీసి సంఘం మేనేజరుకు ఇచ్చింది. ఆ మేనేజరు వయసైనోడు, నోటికి అడ్డం లేని మనిషి.

"ఏమ్మా, అమరాపురంలో పురుగులు ఉపాసం పట్టినాయా? నిన్న నేను చూసొస్తి, తట్టలు పొంగిపోతాండాయి. నీ బొమ్మలో ఇంత పొట్టిగా ఉండాదే?"

కోడలి మొగం వాడిపోయింది. ఫైలు తెరిస్తే అమరాపురం పంట నిండుగా ఉండాది. బొమ్మ గీపిస్తే లేదు. నల్లచెరువుదీ అంతే, ఆమడగూరుదీ అంతే. డ్రైవర్ చూసింది, పేరు చూసింది, టిక్కు చూసింది. అన్నీ ఉన్నట్టే ఉండాయి.

"తప్పు అని ఒక్క మాట చెప్పదత్తా. చెప్తే యాడుందో ఎతుక్కోనా?" అని కండ్లు తుడుచుకుంది. మేనేజరు గడియారం చూస్తా తిరుగుతాండాడు. ఉయ్యాల్లో బిడ్డ లేసి ఏడుపు.

నేను బిడ్డను ఎత్తుకోని దగ్గరికి పోయి, "బొమ్మలో ఏ పొద్దు దాకా పంట వచ్చిందమ్మా?" అంటి.

"ఉగాది దాకా వచ్చింది. ఆడికే నిలిచిపోయింది."

మగ్గం మింద పడుగు అయిపోవస్తే, ఆ పాత కొసలకు కొత్త పడుగు పోగులు బూడిద అద్దుకుంటా ఒక్కొక్కటే అతుకుతాము. పెండ్లయి వచ్చినప్పటి నుంచి నా చేతి పని అదే. అతకకుండా కొత్త పడుగు ఎంత బాగున్నా, అది చుట్టిన కాడే ఉంటాది. చీరలోకి రాదు.

"ఉగాదికి కొత్త పడుగు తెస్తివే, దానికి అతుకు ఏసినావా?"

ఆయమ్మ నా మొగం చూసి, స్క్రీన్ చూసి, నెత్తిన చెయ్యి పెట్టుకుంది. కనెక్షన్ ఇంకా పాత ఫోల్డర్‌లోని ఫైలునే చూపిస్తాంది. కాన్ఫిగర్ అనేది నొక్కి, కొత్త ఫోల్డర్‌లోని ఫైలును ఎంచి, ఓకే కొట్టింది. మళ్లీ గీపిస్తే అమరాపురం గీత ఎగబాకి అన్నిటికన్నా పైకి పోయింది.

"పురుగులు ఉపాసం ఇడిచినాయి" అన్యాడు మేనేజరు.

సారు వచ్చి బొమ్మ చాలాసేపు చూసినాడు. కోడలు దాచకుండా జరిగింది చెప్పింది.

"ఎవరు పట్టుకున్న్యారు ఈ తప్పు?"

"మా అత్త, సార్."

ఆయన ఉయ్యాల కాడుండే నా వైపు తిరిగి, "అవ్వా, నీకూ ఒక కుర్చీ ఏపిస్తా కూర్చో. నీ కోడలు ఈడ్నే ఉంటాది" అన్యాడు.

సాయంత్రం బండి పెనుకొండ దాటింది. బిడ్డ నా ఒళ్లో నిద్ర పోయింది. మనసాగక అంటి, "నా ఉగాది పిచ్చి నీ పని పోగొట్టేదే గదమ్మా."

కోడలు నా భుజానికి ఆనుకోని, "వచ్చే ఉగాదికీ కొత్త ఫోల్డరే అత్తా. ముందర అతుకు, తర్వాత పసుపు" అనింది.

ఇంతసేపు కూర్చోని విన్న తల్లులారా, అయ్యలారా, మీ ఇంట్లో పడుగు తెగకుండా ఉండనీ. ఉయ్యాల ఊగతా ఉండనీ. పాతోళ్ల మాటా కొత్తోళ్ల పనీ ఒకదానికొకటి అతుక్కోని, మీ ఇల్లు చల్లగా ఉండనీ.