కాజాల మాస్టారు

పొద్దున్నే స్నానం చేసి వచ్చి ఆయన నా ముందు నిలబడేవారు. నేను చొక్కా తొడిగి, కింది నుంచి పైదాకా గుండీలు పెట్టేదాన్ని. మిల్లులో మిషను బెల్టు లాగేసినప్పుడు ఆయన కుడిచెయ్యి చచ్చుబడింది. ఆ చేతికే పెన్షన్. మెడ దగ్గర గుండీ పెడుతుంటే గడ్డం పైకెత్తి, "ఊపిరాడనివ్వవే" అనేవారు. ఇప్పుడు ఆ వేళకి గోడకానుకుని నిలబడుతున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

ఆయన పోయారు కాబట్టి ఆ పెన్షన్‌లో సగం ఇక నాకు రావాలి. నాకున్న ఆధారం అదొక్కటే. దాని కోసం వివరాలు రాసుకోవడానికి ఆఫీసు నుంచి ఒకమ్మాయి వచ్చింది. కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చాను. అంతలో సందు చివరి టైలర్ వచ్చాడు. మధ్యాహ్నాలు ఆయన కబుర్లకని వెళ్ళి కూర్చునేది అతని కొట్లోనే. గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు.

"వదినా, మా కాజాల మాస్టారు పోయాడు! ఇక నా చొక్కాలకి కాజాలు ఎవరు కుడతారు?"

"ఎవరి సంగతి?" అన్నాను.

"అన్న సంగతే! ఆ చచ్చుబడిన చెయ్యి గుడ్డ మీద బరువులా పడేసి, ఎడంచేత్తో సూది ఆడించేవాడు. రెండు చేతులుండీ నాకే సిగ్గేసేది. ప్రతి గుండీ పెట్టి, తీసి, సరిగ్గా పడుతోందో లేదో చూసి మరీ ఇచ్చేవాడు. ఇదిగో, అన్నకి రావలసిన కూలి" అంటూ నోట్లు నా ఒళ్ళో పెట్టాడు.

గుండీలు పెట్టేవారా? ఈ మనిషేనా, రోజూ నా ముందు చేతులు వేలాడేసుకుని నిలబడింది?

ఆ అమ్మాయి పెన్ను ఆగిపోయింది. "కూలా? ఎన్నాళ్ళ నుంచి?"

"ఏళ్ళ నుంచమ్మా! ఒక్కరోజు నాగా పెట్టలేదు" అన్నాడు గొప్పగా.

ఆమె ఎవరో నేను చెప్పేసరికి అతని మొహంలో నెత్తుటిచుక్క లేదు. "ఏదో మాటవరసకి అన్నానమ్మా..."

"మాటవరసకి కూలి ఇస్తారా?" అంది ఆ అమ్మాయి, కసురుకోకుండానే. నా వైపు తిరిగింది. "సంపాదన ఉంటే ఆఫీసుకి చెప్పాలమ్మా. చెప్పి ఉంటే, ఈ కాస్త కూలికి పెన్షన్ తగ్గేదే కాదు. చెప్పలేదు కాబట్టి రూలు ప్రకారం ఆ ఏళ్ళలో తీసుకున్నది ఎక్కువ తీసుకున్నట్టే. తిరిగి కట్టాలి. ఆ కూలి ఇంట్లోకి వచ్చేదా?"

"పెన్షన్ పెరిగిందే అంటూ తెచ్చి ఇచ్చేవారు. పెరిగిందన్నప్పుడల్లా మీ ఆఫీసువాళ్ళు చల్లగా ఉండాలనుకునేదాన్ని."

"పెన్షన్ ఎప్పుడూ పెరగలేదమ్మా. మొదటి నుంచీ అంతే."

టైలర్ గొణిగాడు. "వదినకి చెప్పొచ్చుగా అని అడిగానోసారి. 'మా ఆవిడ కడుపులో మాట దాగదురా. ఎవరడిగినా ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది, పెన్షన్ ఊడుతుంది' అన్నాడు. 'పోనీ గుండీలైనా నువ్వే పెట్టుకోవచ్చుగా' అంటే, 'పెట్టుకుంటే దొరికిపోనూ?' అని నవ్వాడు."

ఆ అమ్మాయి పెన్ను పక్కన పెట్టింది. "ఆ డబ్బు ఇంట్లోకి రాలేదంటే బాకీ మీ మీద పడదమ్మా. వచ్చిందని రాస్తే మీ సగంలోంచి కోస్తారు. ఆలోచించుకుని చెప్పండి."

టైలర్ నా పక్కకి జరిగాడు. "తాగేశాడని చెప్పు వదినా. పోయినవాడు లేచొచ్చి కాదంటాడా?"

"ఆయన తాగే మనిషి కాదు" అన్నాను. "డబ్బు నా చేతికే వచ్చింది. ఎక్కడిదో నాకు తెలియదు. అలాగే రాయమ్మా."

రాసింది. సంతకం పెట్టాను. "ఎన్నాళ్ళు కోస్తారు?" అంటే, "తీరేదాకా" అంది తల దించుకుని.

వాళ్ళు వెళ్ళాక, నానబెట్టిన ఆయన చొక్కా ఉతికి పెరట్లో తీగ మీద వేశాను. కాలర్ వంకరపోకుండా గుండీలన్నీ పెట్టి ఆరేయడం నా అలవాటు. మెడ దగ్గరి కాజా చుట్టూ కుట్లు చిన్నగా, ఒత్తుగా ఉన్నాయి. ఇన్నేళ్ళూ వేళ్ళకి తగిలినవే, ఎవరు కుట్టారో ఎప్పుడూ ఆలోచించలేదు.

గుండీ దాకా వెళ్ళిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. పెట్టలేదు.

ఆయనే పెట్టుకోగలరు.