టెలిఫోనులో నా జ్వరం

అరవై ఎనిమిది వేసవి. కోటబొమ్మాళిలో కొత్త కోడలిగా ఉన్న నాకు జ్వరం వచ్చింది. అప్పుడే బట్టల కొట్లో టెలిఫోను పెట్టించుకున్న మా మావగారికి అంతకన్నా పండగేముంది?

"డాక్టరు రావడమెందుకు? జ్వరమెంతున్నాదో నేను ఫోన్లో సెప్తాను" అన్నారు.

అత్తగారు నా నోట్లోంచి తీసిన థర్మామీటరును ఆడవాళ్లు చదవకూడదట. దాన్ని మావగారే పట్టుకుని, బజారులో ఎదురైన ప్రతివాడికీ చూపించుకుంటూ, మిట్టమధ్యాహ్నపు ఎండలో కొట్టుకు వెళ్లారు. ఎండకు పాదరసం ఎక్కడం మానుతుందా?

"నూట ఎనిమిదున్నాదండి!" అని శ్రీకాకుళం డాక్టరుకు వినిపించారు. వెంటనే తల మీద చన్నీళ్లు పొయ్యమన్నాడాయన.

అప్పటికి నాకు చెమట పట్టి జ్వరం దిగింది. మంచం మీద కూర్చుని గంజి తాగుతున్నాను. అత్తగారూ తోడికోడలూ బిందెలతో వచ్చిపడ్డారు.

"నాకు తగ్గిపోనాదత్తా!" అని మొత్తుకున్నాను.

"సంధి మాటలవి! సూస్తారేటి, పొయ్యండి!" అని గుమ్మం అవతల నుంచి మావగారు.

గంజిగిన్నెతో సహా తడిసి ముద్దయ్యాను.

ఫోను లేకపోతే కోడలు దక్కేది కాదని మావగారు బతికినన్నాళ్లూ కొట్టుకు వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నారు. శ్రీకాకుళం దాకా వెళ్లిన నా జ్వరాన్ని, ఆ ఇంట్లో ఒక్కరూ నుదుటి మీద చెయ్యేసి చూడలేదు.