ముప్పై అయిదో గీత

"ఉప్పునీళ్ళే కదా పోశాను, యాసిడ్ పోసినట్టు అరుస్తావేం?"

"అరవట్లేదు. ఎన్ని రోజులు పోశారో చెప్పమంటున్నాను."

"పది రోజులూ పోశాను. తగ్గితే పొయ్యమన్నది నువ్వే. సముద్రపు చేపలకి ఉప్పునీళ్ళు పొయ్యక కాఫీ పోస్తారా?"

నేను మెట్ల మీదే ఆగిపోయాను. ఈ ఇంట్లో గొడవ మధ్యలో దూరితే ఇద్దరూ ఒకటైపోతారు, మాట నా కాలేజీ మీదికి మళ్ళుతుంది. అది అనుభవం.

లోపలున్నది పిన్నీ, బాబాయీ. పిన్ని మా అమ్మకి చెల్లెలు, కట్టుడుపళ్ళు చేస్తుంది. పళ్ళ డాక్టర్లు అచ్చులు పంపిస్తే ముందుగదిలో బల్ల ముందు కూర్చుని పళ్ళు తయారుచేసి పంపుతుంది. బాబాయి డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. చదువు మానేసిన దగ్గర్నుంచి నేను వాళ్ళ పైగదిలో ఉంటున్నాను.

పిన్నికి ఉన్న పిచ్చి ఒక్కటే. పనిబల్ల పక్కన రెండు వందల లీటర్ల అద్దాల తొట్టి, అందులో ప్రాణమున్న పగడాలు, నాలుగు చేపలు. మొదట్లో షాపువాడు "ముప్పై పెట్టుకోండి మేడం, ఉప్పు కలిసొస్తుంది" అన్నాడట. ముప్పై అంటే లీటరుకి ఇంచుమించు ముప్పై గ్రాముల ఉప్పు. చేపలైతే ఎలాగో సర్దుకుంటాయి గానీ పగడాలు సర్దుకోవని పిన్ని వినలేదు. అవి పుట్టిన సముద్రంలో ముప్పై అయిదుంటే నా ఇంట్లోనూ ముప్పై అయిదే అంది. ఆరేళ్ళుగా ఆ అంకె దగ్గర్నుంచి కదల్లేదు.

తొట్టిలోంచి రోజుకి మూడు లీటర్లు ఆవిరైపోతాయి. పోయేది నీరే, ఉప్పు లోపలే ఉండిపోతుంది. కాబట్టి పోయాల్సింది ఉత్త నీళ్ళు. అమ్మమ్మ కంటి ఆపరేషన్‌కి వెళ్తూ పిన్ని "తగ్గితే తొట్టి మీది గీత దాకా నీళ్ళు పొయ్యండి" అని మాత్రం చెప్పింది. రోజూ కళ్ళముందు జరిగేదే కదా, తెలిసే ఉంటుందనుకుంది. బల్ల కింద రెండు డ్రమ్ములుంటాయి. ఒకదాంట్లో ఫిల్టరు చేసిన ఉత్త నీళ్ళు, రెండోదాంట్లో నెలకి రెండుసార్లు తొట్టి నీళ్ళు మార్చడానికి కలిపి ఉంచే ఉప్పునీళ్ళు. బాబాయి బాగా ఆలోచించి మరీ రెండోది ఎంచుకున్నాడు.

గొంతులు తగ్గాక లోపలికి వెళ్ళాను. పిన్ని కిటికీ దగ్గర నిలబడి, ఉప్పు కొలిచే చిన్న దుర్భిణిలాంటి గొట్టం కంటికి ఆనించుకుని ఉంది. ముందు, కచ్చితంగా ముప్పై అయిదున్న సీసా నీళ్ళ చుక్క వేసి గొట్టం నిజం చెబుతోందో లేదో చూసింది. తర్వాత తొట్టి నీళ్ళ చుక్క వేసింది.

"నలభై," అంది.

గోరంత ముక్కగా తెచ్చిన మొదటి పగడం ఆరేళ్ళలో పిడికిలంత అయింది. ఎప్పుడు చూసినా పువ్వులా విచ్చుకుని ఊగేది, ఇప్పుడు రాయిలా బిగుసుకుపోయింది. ఒక అంచున కండ ఊడిపోయి తెల్లటి లోపలి గట్టిభాగం కనిపిస్తోంది.

"ఇంక దీన్నెవరికైనా ఇచ్చెయ్," అన్నాడు బాబాయి. "పదకొండు రోజుల్లో మీ అమ్మ రెండో కంటికి మళ్ళీ వెళ్ళాలి నువ్వు. ఈ బాధ్యత నా వల్ల కాదు."

"ఎవరికీ ఇవ్వను. వెళ్ళేలోపు ముప్పై అయిదుకి దించుతాను. దించలేకపోతే అప్పుడు ఇచ్చేస్తాను, సరేనా?"

"పాతిక లీటర్లు తోడేసి ఉత్త నీళ్ళు కొట్టేస్తే పది నిమిషాల పని కదా పిన్నీ!" అన్నాను.

"నువ్వు కాలేజీ వదిలేసినంత తేలిక్కాదురా ఇది." బల్ల మీద సగం అయిన పన్ను ఒకటి తీసి నా అరచేతిలో పెట్టింది. "వెంట్రుకంత ఎత్తు ఎక్కువైతే ఆ మనిషి నమలలేడు. అలాగని ఒక్కసారే అరగదీస్తే పన్నే పోతుంది. పెట్టి చూసి, తీసి, రవ్వంత గీకాలి. పది రోజుల్లో ఎక్కింది పది రోజుల్లోనే దిగాలి."

మర్నాటి నుంచి సరిగ్గా ఏడింటికి మొదలు. ఆవిరైనంత ఉత్త నీళ్ళు పోసి గీత దాకా తెచ్చేది. ఆపైన తొట్టిలోంచి రెండున్నర లీటర్లు తోడి, అంతే ఉత్త నీళ్ళు సన్న గొట్టంలోంచి బొట్లుబొట్లుగా వదిలేది. రోజుకి అర పాయింటు, అంతకు మించితే ఒప్పుకునేది కాదు. అర్జెంటుగా పళ్ళ సెట్టు కావాలని డాక్టరు ఫోన్ చేస్తే, "బొట్లు పడుతున్నాయి సార్, ఆగండి" అని పెట్టేసింది. ఏం బొట్లో ఆయనకెలా తెలుస్తుంది?

నాలుగో రోజుకి ముప్పై ఎనిమిది. తెల్ల అంచు మాత్రం ఇంకో గోరు మేర పాకింది.

"చూశావా?" అన్నాడు బాబాయి.

"చూశాను. పక్కకి జరగండి, వెలుతురుకి అడ్డమొస్తున్నారు."

అయిదో రోజూ అంతే రెండున్నర. ఒక్క గ్లాసు కూడా ఎక్కువ పొయ్యలేదు. నేనైతే ఆ రోజే డ్రమ్ము ఎత్తి కుమ్మరించేవాణ్ణి. ఏడో రోజుకి తెల్ల అంచు పాకడం ఆగింది. ఎనిమిదో రోజు మార్పేమీ లేదు.

పదో రోజు ఉప్పు కొలిచే గొట్టం నాకిచ్చి చూడమంది. లోపల నీలం, తెలుపు కలిసే చోటు ముప్పై అయిదో గీత మీద నిలబడి ఉంది. పోయిన కండ తిరిగి రాలేదు. కానీ పగడం రెండో పక్క నుంచి మూడు నాలుగు వేళ్ళలాంటి కొసలు, మెంతిగింజంతవి, బయటికొచ్చి కదులుతున్నాయి. బాబాయి కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు వంగి చూశాడు. బయటికెళ్ళి, స్కూలు కార్లకి అంటించే 'ఎల్' స్టిక్కరొకటి తెచ్చి ఉత్త నీళ్ళ డ్రమ్ముకి అతికించాడు.

"నేర్చుకునేవాడికి ఈ డ్రమ్ము," అన్నాడు. ఆ పది రోజుల్లో పిన్ని మొదటిసారి నవ్వింది.

మర్నాడు ప్రయాణం. బ్యాగు కిందికి దింపుతుంటే మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"పోసేది మీ బాబాయేరా. నువ్వు పొయ్యకు. రోజూ ఏడింటికి లేచి, కాఫీ కోసం వచ్చినట్టు వచ్చి ఆయన పక్కన నిలబడు. చెయ్యి ఏ డ్రమ్ము మీదికి వెళ్తోందో చూడు, అంతే. నేను కాపలా పెట్టానని మాత్రం ఆయనకి తెలియనివ్వకు. ఈ ఒక్క పని పది రోజులూ వదలకుండా చేసిపెట్టు నాన్నా."